నారదుడు రాకపోతే చాలు: విషాద ప్రేమ నవలకు ఏ పాత నాటకం మేలు?

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వచ్చే కాలేజీ పిల్లలు ఇంగ్లీషు పుస్తకాల దుకాణాల ముందు గుమిగూడి కొంటున్నవి చాలావరకు ఒకే జాతి నవలలు. శాపాలు, రెక్కలు, రెండు లోకాలు, వాటి మధ్య నలిగిపోయే ఒక జంట. చివర ఇద్దరిలో ఎవరో ఒకరు పోవాలి, లేదా పోయినంత పని కావాలి. అలాంటి నవల తెలుగులో రాయాలని ఉంది, మన పాత నాటకాల్లో దేన్ని తీసుకుంటే మేలు అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అడిగినవాళ్ల మనసులో ముందే ఉండే పేరు దాదాపు ఎప్పుడూ శాకుంతలమే. నా లెక్కలో అది మొదటిది కాదు, రెండోది కూడా కాదు.

సంస్కృత నాటకం తీసుకుంటే ఒక చిక్కు ఉంది. ఆ సంప్రదాయం విషాదాంతాన్ని ఒప్పుకోదు. భాసుడి ఊరుభంగంలో దుర్యోధనుడు రంగస్థలం మీదే ప్రాణం విడవడం అరుదైన మినహాయింపు. కాబట్టి కాళిదాసును ముట్టుకున్నవారు ముగింపును కూలగొట్టక తప్పదు. ఒక గోడ తీసినా నిలిచే ఇల్లు ఒకటి, మొత్తం కూలిపోయే ఇల్లు ఒకటి. మనకు మొదటిది కావాలి. అది కాక, కన్నీళ్లు మాయ నుంచే పుట్టాలి. మాయ దారి మాయది, దుఃఖం దారి దుఃఖానిది అయితే అట్ట మారిన పౌరాణికమే మిగులుతుంది.

శాకుంతలంలో మాయకు లోటు లేదు. దుర్వాసుడి శాపం, ఉంగరం, మరుపు. ఐదో అంకం మొదట్లో హంసపదిక పాట వింటూ దుష్యంతుడు ఎందుకో తెలియని దిగులులో పడతాడు. ఎవరిని పోగొట్టుకున్నాడో గుర్తు లేదు, పోగొట్టుకున్న బాధ మాత్రం లోపల ఉంది. ఈ జాతి నవల రాయబోయేవారు ఆ ఒక్క సన్నివేశాన్ని వందసార్లు చదువుకోవాలి. కానీ ఆ తర్వాత ఏముంది? శకుంతల తెలిసి చేసిన ఏ పని వల్లా శాపం రాలేదు. భర్త ధ్యాసలో అతిథిని గమనించలేదు, అంతే. శాపం తగిలిందన్న సంగతి కూడా ఆమెకు తెలియదు, చెలికత్తెలు దాచిపెట్టారు. ఉంగరం నీళ్లలో జారింది, చేప మింగింది, జాలరికి దొరికింది. దీన్ని విషాదాంతం చేయాలంటే ఆ చేప వలలో పడకూడదు. చేప తప్పించుకున్నందుకు రెండు జీవితాలు ఆరిపోతే పాఠకుడు అయ్యో అంటాడు, పేజీ తిప్పుతాడు. రోమియో జూలియట్‌లో సన్యాసి పంపిన ఉత్తరం అందకపోవడం మీద కూడా నాకు ఈ ఫిర్యాదే ఉంది. అక్కడ రెండు కుటుంబాల పగ ఉంది కనుక సరిపోయింది. పోనీ శాపాన్ని తీసేసి మహాభారతంలోని దుష్యంతుడినే తెద్దామా? అతడు తెలిసి తెలిసి నువ్వెవరో తెలియదన్నాడు. మంచి కోపపు నవల వస్తుంది, మాయ మాత్రం మిగలదు.

గుంటూరు, తెనాలి వైపు పద్యనాటకం తెలిసినవారు ఈ పాటికి హరిశ్చంద్ర ఏమైందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం ఈ ప్రాంతం మనిషే. కాటిసీనులో వినుకొండ వాడైన జాషువా శ్మశానవాటి పద్యాలు కూడా కలిసిపోయి, ఏది ఎవరిదో చాలామంది ప్రేక్షకులకు పట్టనంతగా నాటకంలో భాగమయ్యాయి. విషాదం గురించి వేరే చెప్పేదేముంది? మాయ గురించే చెప్పాలి. చనిపోయిన కొడుకును చేతుల మీద మోసుకొచ్చిన చంద్రమతిని కాటికాపరి సుంకం అడుగుతాడు. నా దగ్గర ఏమీ లేదంటే, మెడలో మంగళసూత్రం ఉందిగా, అమ్మి తెమ్మంటాడు. ఆ మంగళసూత్రం భర్తకు తప్ప మరెవరికీ కనిపించదు. చీకటిలో, ఎవరో తెలియని మనిషి తన నగను చూడగలిగాడంటే అతడెవరో ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోతుంది. ప్రపంచంలోని మంత్రపు ఉంగరాలన్నీ ఒకవైపు, ఈ తాళి ఒకవైపు. గుర్తుపట్టడమూ గుండె పగలడమూ ఒకే మాటలో జరిగిపోతాయి.

అయినా నవలకు హరిశ్చంద్రను ఎంచుకోవద్దంటాను. మొదటి అడ్డంకి ముగింపు. కత్తి ఎత్తేసరికి దేవతలు దిగివచ్చి ఇదంతా పరీక్ష అంటారు. ఆ దిగిరావడాన్ని కొట్టేస్తే సరిపోతుందనుకోవచ్చు. కానీ కథ మొదటి నుంచీ పందెం మీద, విశ్వామిత్రుడి పంతం మీద నడిచింది. పందెం వేసినవాళ్లు చివర కనిపించకపోతే కథకు కాలు విరుగుతుంది. రెండో అడ్డంకి పెద్దది. ఈ కాలపు పాఠకురాలు చంద్రమతిని అమ్మిన చోటే పుస్తకం మూసి, అమ్మే హక్కు అతడికెవరిచ్చారని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు రాస్తూ పోతే అది చంద్రమతి తిరుగుబాటు నవల అవుతుంది. తప్పకుండా ఎవరైనా రాయాలి. ప్రేమ నవల అని మాత్రం పిలవలేం. పైగా పద్యం పోతే కాటిసీనులో ఎంత మిగులుతుందో ఆలోచించండి. ఇక్కడి ప్రేక్షకులు వన్స్ మోర్ అని కేకలు వేసేది కథ తెలియక కాదు.

సారంగధర సంగతి వేరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు విషాద సారంగధర అని పేరులోనే విషాదాన్ని పెట్టి, తెలుగు రంగస్థలానికి విషాదాంతాన్ని అలవాటు చేశాడు. పావురం ఎగిరి సవతి తల్లి మేడలో వాలడం, దానికోసం వెళ్లిన రాకుమారుడిని చిత్రాంగి కోరడం, అతడు కాదనడం, ఆమె నింద వేయడం, తండ్రి రాజరాజ నరేంద్రుడు అతడి కాళ్లూ చేతులూ నరికించడం. రాజమహేంద్రవరం నేపథ్యం, మన గోదావరి, మన కోటలు. చరిత్రలో రాజరాజ నరేంద్రుడి కొడుకుగా కనిపించేది చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. సారంగధరుడు కథలోనే ఉన్నాడు. అది నవలాకారుడికి మంచిదే, చరిత్రకారుల తిట్లు తప్పుతాయి.

తిరకాసు ఎక్కడంటే, ఈ కథలో మాయ ఉన్నది మందు రూపంలో. గౌరన రాసిన పాత కావ్యం నవనాథచరిత్రలో ఒక సిద్ధుడి దయ వల్ల సారంగధరుడికి అవయవాలు తిరిగొస్తాయి. సిద్ధుడిని ఉంచితే విషాదం పోతుంది, తీసేస్తే మాయ పోతుంది. దీనికి ఒక దారి ఉంది: కాళ్లూ చేతులూ వస్తాయి, కానీ వచ్చినవాడు యోగి. అతడికి ఇక చిత్రాంగి మీద కోపం లేదు, దయ కూడా లేదు. పాత కథలోనూ అతడు సిద్ధుల్లో కలిసిపోతాడు కనుక ఇది కల్పన మీద కల్పన కాదు. కొన్ని కథనాల్లో చిత్రాంగిని మొదట సారంగధరుడికే అనుకుంటారు, తండ్రి తాను చేసుకుంటాడు. ఆ పాయ పట్టుకుంటే చిత్రాంగి రాక్షసి కాకుండా మనిషి అవుతుంది. ఇంత చేసినా ఇక్కడ ప్రేమ ఒక్కవైపుదే. వద్దన్నవాడిని వెంటాడడాన్ని ప్రేమగా అలంకరించే నవలలు ఇప్పటికే చాలా ఉన్నాయి. చేయి తిరిగినవారైతే దీన్ని తీసుకోండి, మొదటి నవలకు వద్దు.

ఇక నా ఓటు పడేది కాళిదాసుదే మరో నాటకం, అప్సరస ఊర్వశికీ భూలోకపు రాజు పురూరవుడికీ నడిచిన ప్రేమకథ విక్రమోర్వశీయానికి. ఇందులో నియమాలు చూడండి. స్వర్గంలో భరతముని ఆడించిన నాటకంలో ఊర్వశి లక్ష్మి పాత్ర వేసింది. నీ మనసు ఎవరి మీద అంటే పురుషోత్తముడి మీద అనాల్సింది, పురూరవుడి మీద అంది. మునికి కోపం వచ్చి స్వర్గం నుంచి వెళ్లగొట్టాడు. ఇంద్రుడు కనికరించి ఒక గడువు పెట్టాడు: పురూరవుడి దగ్గర ఉండవచ్చు, నీకు పుట్టిన బిడ్డ ముఖం అతడు చూసేంతవరకు. ప్రేమ వల్లే పొరపాటు, పొరపాటు వల్లే భూలోకం, ప్రేమ ఫలించిన రోజే వియోగం. శాపం బయటి నుంచి వచ్చి పడింది కాదు, ఆమె నాలుక మీదే పుట్టింది.

ఊర్వశి ఏం చేసింది? కొడుకు పుట్టగానే చ్యవనుడి ఆశ్రమంలో దాచేసింది. పురూరవుడు సంతానం లేదని కుమిలిపోతున్నాడు. పక్కన పడుకున్న భార్యకు తెలుసు, అడవిలో అతడి కొడుకు విలువిద్య నేర్చుకుంటున్నాడని. చెబితే భర్తను వదిలి వెళ్లాలి, చెప్పకపోతే భర్తను రోజూ మోసం చేస్తున్నట్టు. కొడుకుకు తల్లి లేదు, తండ్రికి కొడుకు లేడు, ఇదంతా ఆమె తన కాపురం ఒక్క రోజు ఎక్కువ సాగడానికి కడుతున్న వెల. కాళిదాసు ఈ ఏళ్లను ఒక్క సన్నివేశంగానైనా చూపించలేదు. నాలుగో అంకానికీ ఐదో అంకానికీ మధ్య వదిలేశాడు. నవల రాయాల్సింది ఆ ఖాళీలోనే. శాకుంతలంలో ఇంత చోటు లేదు, అక్కడ కాళిదాసు అన్నీ రాసేశాడు.

ముందు సగానికి కూడా సరుకు దండిగా ఉంది. కేశి అనే దానవుడి చెర నుంచి రాజు ఆమెను విడిపించడం, భూర్జపత్రం మీద రాసిన ప్రేమలేఖ రాణి ఔశీనరి చేతిలో పడడం, అలిగిన ఊర్వశి ఆడవారికి ప్రవేశం లేని కుమారస్వామి వనంలో అడుగుపెట్టి తీగగా మారిపోవడం. పిచ్చివాడై నెమలినీ హంసనూ ఏనుగునూ కొండనూ అడుగుతూ తిరిగే పురూరవుడు చివరికి విడిపోయినవారిని కలిపే సంగమనీయ మణి దొరికాక తీగను కౌగిలించుకుంటాడు, అది మళ్లీ ఊర్వశి అవుతుంది. ఆ మణినే ఐదో అంకంలో ఒక గద్ద ఎత్తుకుపోతుంది. దాన్ని పడగొట్టిన బాణం మీద ఊర్వశీ పురూరవుల కొడుకు ఆయువు పేరు ఉంటుంది. తన కొడుకు ఉనికిని ఒక తండ్రి బాణం మీద చదువుకుని తెలుసుకుంటాడు. ఆనందంతో ఉప్పొంగిపోతున్న అతడి ముందు ఆమె ఏడుస్తుంది. ఎందుకో అతడికి ఇంకా తెలియదు.

ఇక్కడ నారదుడు దిగి, ఇంద్రుడు అనుమతించాడు, ఆమె నీతో జీవితాంతం ఉంటుంది అంటాడు. నవలలో మార్చాల్సింది ఇదొక్కటే: నారదుడు రాకూడదు. మిగతా ఒక్క ఇటుక కదలనక్కర్లేదు. కాళిదాసుకు ద్రోహం అనేవారికి ఋగ్వేదం పదో మండలం, తొంభై అయిదో సూక్తం చూపించండి. అక్కడ ఊర్వశి వెళ్లిపోతోంది, పురూరవుడు బతిమాలుతున్నాడు, చచ్చిపోతానంటున్నాడు. ఆమె వద్దంటుంది, కానీ ఆగదు. ఆడవాళ్ల చెలిమి నిలవదు, వాళ్లవి తోడేళ్ల గుండెలు అంటుంది. అంత కఠినంగా మాట్లాడితేనే అతడు తనను మరచి బతుకుతాడని ఆమె అనుకుందేమో. ఆ ఒక్క ఊహ చివరి అధ్యాయానికి సరిపోతుంది. సుఖాంతం కాళిదాసుది, విషాదం అంతకంటే పాతది.

ఎవరి నోట చెప్పించాలన్నది మిగిలింది. ఊర్వశి నోట వద్దు. దాచిన రహస్యం ఆమెదే కనుక మొదటి పేజీలోనే బయటపడుతుంది. పురూరవుడికి ఏమీ తెలియదు, అతడి వెంట నడిస్తే పాఠకుడూ గుడ్డివాడవుతాడు. నేనైతే ఔశీనరికి అప్పజెబుతాను. పిల్లలు లేని పెద్ద రాణి, వ్రతం చేసి భర్తను మరొకరికి వదిలేసిన మనిషి. ఆశ్రమంలో పిల్లవాడున్నాడని ఆమెకు ముందే తెలిసిపోతే? ఒక్క మాట చెబితే సవతి పోతుంది, రాజ్యానికి వారసుడు వస్తాడు, భర్త గుండె పగులుతుంది. ఆ మాట ఏళ్ల తరబడి ఆమె నాలుక మీద ఉండాలి. పద్యం లేని లోటును తీర్చగలిగేది అలాంటి గొంతే.

మన ఊరికి ముడిపెట్టాలనుకుంటే దారి ఉంది. అర్జునుడు తపస్సు చేసి పాశుపతం పొందిన చోటు మన ఇంద్రకీలాద్రేనని స్థలపురాణం. అక్కడి నుంచి అతడు ఇంద్రలోకానికి వెళతాడు, అక్కడ ఊర్వశి అతడిని కోరుతుంది, అతడు నువ్వు మా వంశానికి తల్లివంటాడు. ఆయువు సంతతిలో ఎన్నో తరాల తర్వాత పుట్టినవాడు. ఆమెకు వయసు లేదు, పురూరవుడు పోయి యుగం గడిచింది, అతడి రక్తం ముఖం పోలికతో ఎదురుగా నిలబడి అమ్మా అంటోంది. భారతంలో ఆమె కోపంతో శపిస్తుంది. ఆ శాపాన్ని కామంగా కాక దుఃఖంగా రాయగలిగితే రెండో సంపుటం కూడా మీ చేతిలో ఉన్నట్టే. మొదటిది మాత్రం గద్ద నుంచి మొదలుపెట్టండి.