ఆ ‘తమ్ముడు’ మీ ఇంటికీ వస్తాడు, పెన్ను ముట్టుకోకండి

పొద్దున ఇన్సూరెన్స్ కంపెనీవాడితో మాట్లాడి ఫోన్ పెట్టేసినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. నాలుగు రోజులు ఆగి చల్లారాక రాయమంటున్నారు మా ఆయన. చల్లారితే మర్యాదగా రాస్తాను, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడితే ఆగి ఉన్నాం. వెనక నుంచి ఒకాయన ఫోన్ చూసుకుంటూ వచ్చి గుద్దేశాడు. ఆ ఊపుకి మా కారు వెళ్లి ముందున్న లారీకి తగిలింది. తప్పు తనదేనని అక్కడే ఒప్పుకున్నాడు, పోలీసులూ అదే రాసుకున్నారు. సీటు బెల్టు నన్ను బతికించింది, కానీ దాని కిందే కుడి కాలర్ బోన్ విరిగింది. మెడకి ఎక్స్‌రే తీసి ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. చెయ్యి మెడకి కట్టి ఇంటికి పంపించారు. 6 వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

ఈ 6 వారాల మాట గుర్తుపెట్టుకోండి.

ఇక ఆ గుద్దినాయన ఇన్సూరెన్స్ కంపెనీ. పేరు రాయను. కుటుంబమంతా పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ ఉండే ఆ ప్రకటనలు మీరూ చూసే ఉంటారు, అర్థం చేసుకోండి. ప్రమాదమైన రెండో రోజే ఫోన్ వచ్చింది. చాలా మర్యాదైన గొంతు. “అక్కా, ఎలా ఉన్నారు?” అన్నాడు. నేనేమన్నాను? “బాగానే ఉన్నాను నాయనా” అన్నాను. ఎవరు అడిగినా మనం అనేది అదే కదా. జ్వరంతో మూలుగుతున్నవాళ్లు కూడా ముందు బాగానే ఉన్నామనే అంటారు. ఆ ముక్క రికార్డయిందని నాకు ఈరోజే తెలిసింది. ఫోన్ మొదట్లో గడగడా ఏదో చెప్పాడు, అందులో “ఈ కాల్ రికార్డు చేయబడుతుంది” అని కూడా ఉందట. నొప్పి మాత్రల మత్తులో ఉన్న మనిషికి అది వినపడుతుందా?

ఆ రోజు రాత్రే మెడ పట్టేసింది. పక్కకి తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. ఇలాంటి దెబ్బల్లో మెడ నొప్పి ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడటం మామూలేనని డాక్టరు తర్వాత చెప్పారు. అంటే మనకి నొప్పి తెలిసేలోపే వాళ్లు ఫోన్ చేసి “బాగున్నాను” అనిపించేసుకుంటారన్నమాట. ఎంత చురుకైన సేవో చూడండి.

11వ రోజు మనిషే వచ్చాడు. ఫోన్‌లో మాట్లాడినవాడే. చెప్పులు బయట విడిచాడు, నా తల కింద దిండు జారితే సరిచేశాడు, మా ఆయన్ని “బావగారూ” అన్నాడు. వాళ్లక్కకీ ఇలాగే యాక్సిడెంట్ అయిందట. ఆవిడ లాయర్ల చుట్టూ తిరిగి ఏళ్ల తరబడి కష్టపడిందట. “మీకు ఆ తిప్పలు రాకూడదనే నేనే పరిగెత్తుకుంటూ వచ్చానక్కా” అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయంటే నమ్ముతారా? ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఫైలు తీశాడు. కారు కాయితాలు, ఆసుపత్రి బిల్లుల జాబితా, వాటి వెనక ఇంకో మూడు పేజీలు. సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపు రంగు చిన్న చిన్న స్టిక్కర్లు అతికించి తెచ్చాడు. నాలుగున్నాయి. పేజీ మొత్తం తెరవనక్కర్లేదు, అంచు పట్టుకుని స్టిక్కర్ దగ్గరికి తిప్పుతాడు, మనం గీకుతాం, ఇంకోటి తిప్పుతాడు. చదవడానికి మధ్యలో సందు ఉండదు. “ఇది కూడా కారు కాయితాలతో పాటే అక్కా, ఆసుపత్రి బిల్లుల డబ్బు విడుదల కావడానికి” అన్నాడు ఆ మూడు పేజీల గురించి. ఈ వాక్యం అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది నాకు.

మా ఆయన “ఒకసారి చదవనీ” అన్నారు. అన్నారు పాపం. “చదవండి బావగారూ, తప్పకుండా చదవండి. కానీ ఈరోజు 5 గంటలకి సిస్టమ్‌లో క్లోజ్ అయిపోతుంది, రేపటికి ఈ మొత్తం ఉంటుందని నేను మాటివ్వలేను” అన్నాడు. అప్పటికి టైము నాలుగున్నర. చేతికి కట్టు ఉంది కదా, పెన్ను సరిగ్గా పట్టు దొరకలేదు, సంతకం కోడి గీతల్లా వచ్చింది. “ఈ వంకర సంతకం చెల్లుతుందా తమ్ముడూ?” అని నవ్వాను కూడా. “మీరు ఎలా పెట్టినా చెల్లుతుందక్కా” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

డబ్బు మూడో రోజుకే పడింది. ఎంత తొందరగా వేశారో అని చుట్టాలందరికీ గొప్పగా చెప్పాను. ఇది కూడా రాసుకోండి నా తెలివితేటల ఖాతాలో.

నేను బట్టలు కుడతాను. ఇంట్లోనే రెండు మిషన్లు, సొంత పని. ఐదో వారంలో, కట్టు తీయకముందే, కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కడం మొదలైంది. కట్టు బిగువుగా ఉండటం వల్లేమో అనుకున్నాను. కట్టు తీశాక ఒక జాకెట్టుకి హుక్కులు కుడదామని కూర్చున్నాను. సూది వేళ్ల మధ్య ఉందనుకుంటున్నాను, చూస్తే ఒళ్లో పడి ఉంది. మళ్లీ తీశాను, మళ్లీ జారింది. మూడోసారి గట్టిగా పట్టుకున్నాను. చూపుడువేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది, నొప్పి మాత్రం తెలియలేదు. ఆ రక్తపు చుక్క జాకెట్టు మీద పడేదాకా గుచ్చుకుందనే తెలియదు నాకు.

ఎమ్మారై తీశారు. మెడలో 5, 6 పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ పక్కకి ఉబ్బి, చేతిలోకి దిగే నరాన్ని నొక్కుతోందట. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి కానీ డిస్కులూ నరాలూ కనిపించవని అప్పుడు చెప్పారు. మందులు, ఫిజియోథెరపీ కొన్నాళ్లు చూద్దాం, తగ్గకపోతే ఆపరేషన్ అన్నారు. నరం కోలుకోవడానికి నెలలు పడుతుందట, పూర్తిగా వస్తుందని గ్యారంటీ ఇవ్వలేమన్నారు. సరే, ఇన్సూరెన్స్ ఉంది కదా, మన తమ్ముడున్నాడు కదా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఈరోజు పొద్దున ఫోన్ చేశాను. ఎత్తగానే “అక్కా” అంటాడనుకున్నాను. “చెప్పండి మేడమ్” అన్నాడు. ఎవరో గుర్తుపట్టలేదేమోనని మొత్తం చెప్పుకొచ్చాను. దిండు సరిచేశావు కదా అని కూడా గుర్తుచేశాను, సిగ్గులేకుండా. అంతా విని, “మేడమ్, మీ ఫైలు క్లోజ్ అయిపోయింది” అన్నాడు. ఇది కొత్తగా బయటపడిందయ్యా, ఆరోజు తెలియదు కదా అన్నాను. అప్పుడు కాయితం తీసి చదవడం మొదలుపెట్టాడు. పేజీ తిప్పిన చప్పుడు కూడా వినపడింది. ఏడో పేరా. “ఈ ప్రమాదం వల్ల ఇప్పటికే తెలిసిన, ఇకముందు తెలియబోయే అన్ని గాయాలకూ ఇదే తుది చెల్లింపుగా అంగీకరిస్తున్నాను.” పాఠం అప్పజెప్పినట్టు, ఒక్క చోట కూడా తడబడలేదు. ఎంతమందికి చదివాడో!

నేనేమీ మాట్లాడలేకపోయాను. అప్పుడు అడిగాడు: “కింద సంతకం మీదే కదా మేడమ్? కొంచెం వంకరగా ఉంది.”

ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. డబ్బు పోయింది సరే. ఆ సంతకం ఎందుకు వంకరగా వచ్చిందో వాడికి తెలుసు. నా పక్కన కూర్చుని, కాయితం జారకుండా పట్టుకున్నది వాడే. ఇది చాలదన్నట్టు, “రెండో రోజే మీరు బాగున్నానని చెప్పారు, రికార్డు ఉంది” అని ఇంకో ముక్క కూడా వేశాడు. నేను అరిచాను. “మేడమ్, గొంతు తగ్గించి మాట్లాడండి, ఈ కాల్ కూడా రికార్డవుతోంది” అని పెట్టేశాడు.

బట్ట కొనేటప్పుడు వెలుతురుకి పట్టి పోగు పోగూ చూసే మనిషిని నేను. మీటరుకి అంగుళం తక్కువైనా కొట్టువాడితో దెబ్బలాడతాను. మూడు పేజీలు చదవలేదు. మా ఆయన్ని అనడానికి లేదు, ఆయన ఒక మాటైనా అన్నారు. నేనే “పోనీలెండి, పాపం ఇంత దూరం వచ్చాడు” అన్నాను.

ఇంకో సంగతి పొద్దుటి నుంచి బుర్ర తొలిచేస్తోంది. చూసిన డాక్టరే, ఎముక అతికిందో లేదో చెప్పాలంటే 6 వారాలు ఆగాలన్నాడు. మరి 11వ రోజున నా నష్టం ఇంత అని వీళ్లెలా లెక్కగట్టారు? లెక్క తేలకముందే తేల్చేయడమే వాళ్ల లెక్క. ఇచ్చిన దాంట్లో అప్పటిదాకా అయిన బిల్లులూ, ఓ రెండు వారాల కూలీలాంటిదీ తప్ప ఏమీ లేదు. ఫిజియోథెరపీ లేదు, ఆసుపత్రికి తిరిగే ఖర్చు లేదు, ఇంట్లో పనికి పెట్టుకున్న మనిషి జీతం లేదు, వెనక్కిచ్చేసిన ఆర్డర్లు లేవు, రేపు ఆపరేషన్ అంటే ఆ ఖర్చు లేదు. ఈ నొప్పికంటూ, ఈ వేళ్లకంటూ ఒక్క పైసా లేదు. ఇవన్నీ అడగొచ్చని అప్పుడు నాకు తెలియనే తెలియదు. వాడికి తెలుసు. వాడు పనిచేసేది నన్ను గుద్దినవాడి కంపెనీకి, నాకు కాదు. ఈ చిన్న విషయం బుర్రకెక్కడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మధ్యాహ్నం తెలిసినవాళ్ల ద్వారా ఒక లాయరమ్మతో మాట్లాడాను. సంతకం పెట్టాక తిరగదోడటం చాలా కష్టమన్నారు. మోసపుచ్చి పెట్టించారనో, బలవంతంగా పెట్టించారనో రుజువు చేయగలగాలట. “కారు కాయితాలతో పాటే” అన్నాడు చూశారా, ఆ మాట ఇంకెవరైనా విన్నారా అని అడిగారు. మా ఆయన విన్నారు. ఆ రోజు వేసుకున్న మాత్రల చీటీ కూడా తెమ్మన్నారు. ఇదే ముందే వచ్చి ఉంటే ఎంత తేలికగా ఉండేదో అని ఆవిడ అనలేదు కానీ, నిట్టూర్పు వినపడింది.

మీకు చెప్పేది ఏముంది. అవతలి కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే పేరూ, ప్రమాదం తేదీ చెప్పండి, ఇంకా చికిత్స జరుగుతోంది అనండి, అంతే. “బాగున్నాను” అనే మాట మీ నోట రానివ్వకండి. కారు డబ్బుకీ ఒంటి దెబ్బలకీ వేర్వేరు కాయితాలు అడగండి. ‘తుది’, ‘పూర్తి’, ‘ఇకముందు’ అనే మాటలు ఎక్కడున్నా అక్కడ ఆగిపోండి. ఇక నుంచి ఇంతకన్నా బాగుపడేదీ లేదు, పాడయ్యేదీ లేదు అని డాక్టరు చెప్పేదాకా మొత్తానికి ఒప్పుకోకండి. అలాగని ఏళ్ల తరబడి కూర్చోకండి, దావా వేయడానికి గడువు ఉంటుంది, అది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, మొదటి వారంలోనే ఒక లాయర్ని అడిగి తెలుసుకోండి. పనికి వెళ్లలేని రోజులు డైరీలో రాసుకోండి. నేను ఆర్డర్ల పుస్తకం దాచుకున్నాను, కనీసం ఆ ఒక్కటైనా చేశాను. ఆ సిగ్నల్ దగ్గర కెమెరా ఉంది, కానీ పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోయిందట. అది కూడా మొదటి వారంలోనే అడగాల్సింది.

సోమవారం కాయితాలన్నీ పట్టుకుని లాయరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. సంతకం పెట్టాక కూడా పోరాడి తెచ్చుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఎలాగో కాస్త చెప్పండి. ఇదంతా ఎడమ చేత్తో కొట్టాను, తప్పులుంటే సర్దుకోండి.