గాలి వేసిన మేట: లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి పాత ఫొటోల భాండాగారం

మా కమతం గోదావరి మధ్య డెల్టాలో, కాలువ శివారున ఉంది. మొత్తం మూడెకరాలు, అందులో రెండు కౌలువి. దాళ్వాకు, అంటే రబీ వరికి, నీరు వంతులవారీగా వదిలే ఏడాదుల్లో మా బోదెకు వంతు వచ్చేసరికి ఎగువ చేలు రెండో తడి కూడా తాగేసి ఉంటాయి కనుక, మురుగు కాలువలో ఇంజను పెట్టి, ఉప్పదనం ఎంత ఉందో నాలుకమీద వేసుకుని చూసి మరీ తోడుకోవడం మాకు అలవాటైన పని. మా ఇంట్లో కరువు అన్న మాటకు ఇంతకాలం ఉన్న అర్థం అదే: రావలసిన నీరు ఆలస్యంగా రావడం. నీరు అందకపోతే చేను ఎండుతుందని తెలుసు గాని, చేనే లేచి గాలిలో కలిసి వెళ్లిపోగలదని మాలో ఎవరికీ తోచలేదు.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి నేలకోతపై చార్టు తయారుచేసే పని పడింది. దానికి బొమ్మలు వెతుకుతూ వెళ్లి, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన దగ్గరున్న పాత ఫొటోలను అంతర్జాలంలో అందరికీ చూపే సేవ దగ్గర ఆగిపోయాము. చార్టు ఇచ్చేసి రెండు నెలలైనా మేమింకా దాన్ని వదల్లేదు. రుసుము లేదు, పేరు నమోదు చేసుకోనక్కరలేదు. మన ఖర్చల్లా డేటా ప్యాకే. అయితే ఉచితమన్న ఒక్క కారణంగా మంచిదనే అలవాటు నాకు లేదు కాబట్టి, ఒక రైతు కుటుంబానికి ఇది ఏ మేరకు ఉపయోగపడుతుందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఈ ఫొటోలు అమెరికా ప్రభుత్వం తన కోసం తీయించుకున్నవి. 1930ల మాంద్యంలో చితికిపోయిన రైతులను ఆదుకునేందుకు 1935లో ఒక సంస్థ ఏర్పడి, 1937లో ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అయింది. సాయం ఎందుకు అవసరమో దేశానికి చూపించడానికి రాయ్ స్ట్రైకర్ అనే అధికారి కింద ఆర్థర్ రోత్‌స్టీన్, డొరోతియా లాంగ్, రస్సెల్ లీ, వాకర్ ఎవాన్స్ వంటి ఫొటోగ్రాఫర్లను ఊళ్లమీదికి పంపారు. వారు తీసినవన్నీ 1944లో ఈ గ్రంథాలయానికి చేరాయి. నలుపు తెలుపు నెగటివ్‌లే సుమారు 1,75,000 ఉన్నాయి. అందులో మేము చూసింది ఒక మూల మాత్రమే: ఓక్లహామా, టెక్సస్, కాన్సస్, కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాలు కలిసే మెట్ట మైదానాలు, అక్కడి దుమ్ము తుఫానులు.

మొదట తెరిచిన చిత్రం రోత్‌స్టీన్ 1936 ఏప్రిల్‌లో ఓక్లహామాలోని సిమారన్ కౌంటీలో తీసినది. ఒక రైతు, ఇద్దరు కొడుకులు గాలికి ఎదురుగా వంగి నడుస్తున్నారు; చిన్నవాడు వెనకబడి, మోచేతిని కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. వెనక ఒక పొట్టి పాక ఉంది. కంచె గుంజలు ఇసుకలో కూరుకుపోయి, కొసలు మాత్రమే కనిపిస్తున్నాయి. మా నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఏటిగట్టు ఎక్కడ తెగిందిరా?" అని అడిగారు. 1986 ఆగస్టు వరదకు లంకలోని వారి మేనమామగారి అరటి తోటపై మోకాలి లోతున ఇసుక మేట వేయడం ఆయన స్వయంగా చూసినవారు. అక్కడ ఏరు లేదని, ఆ ఇసుకను తెచ్చి పోసింది గాలేనని చెప్పాను. "గాలికి మేటేంట్రా!" అన్నారే గాని, నమ్మలేదు.

ఆయనను నమ్మించింది బొమ్మను పెద్దది చేసి చూసుకునే సౌకర్యం. ప్రతి చిత్రానికీ చిన్న ప్రతి, పెద్ద ప్రతి, అన్నిటికన్నా పెద్దదైన టిఫ్ ఫైలు వేర్వేరుగా ఉంటాయి. టిఫ్ దించుకుంటే ఫోను వేడెక్కుతుంది, ఓపిక కూడా కావాలి. కానీ దాన్ని కంప్యూటర్‌లో తెరిచి సాగదీస్తే గుంజల అడుగున ఇసుక పేరుకున్న తీరు అంతా తెలుస్తుంది. వరద మేట అయితే పై పొర ఎండాక నెర్రెలిస్తుందని, ఇక్కడ ఒక్క నెర్రె కూడా లేదని పట్టుకున్నది నాన్నగారే. ఆ తరువాత మారు మాట్లాడలేదు.

ఆ నేల ఎందుకు లేచిందన్న ప్రశ్నకు ఫొటోల కింది వివరణలు సరిపోవు, వేరే చదువుకోవాలి. ఆ మైదానాల్లో ఏడాది వర్షం మామూలుగానే 500 మిల్లీమీటర్లకు లోపు. పొట్టిగా, దట్టంగా పెరిగే గడ్డి వేళ్లే ఆ నేలను కట్టి ఉంచేవి. 1909 నాటి చట్టం కొలరాడో, న్యూ మెక్సికో వంటి చోట్ల కుటుంబానికి 320 ఎకరాలు ఇచ్చి సాగుకు పిలిచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమకు ధర పలికింది. ఆపైన ట్రాక్టర్లు, డిస్కు నాగళ్లు వచ్చి గడ్డిని వేళ్లతో సహా తిరగేశాయి. 1930, 31లలో ధర కుప్పకూలినప్పుడు, తగ్గిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి చాలామంది ఇంకా ఎక్కువ దున్నారు. వానలు సరిగ్గా అప్పుడే ముఖం చాటేశాయి. పైరు లేని, గడ్డి లేని, పొడి దుక్కి గాలికి దొరికింది. 2011లో మా కోనసీమ రైతులు పెట్టుబడి తిరిగి రావడం లేదని సార్వాకు, అంటే ఖరీఫ్ పంటకు, విరామం ప్రకటించి చేలు వదిలేసినప్పుడు ఇక్కడ గడ్డీ తుంగా మొలిచాయి తప్ప, మట్టి ఉన్నచోటే ఉంది. కింద తడి ఉన్న నేలకూ, లేని నేలకూ తేడా అంత ఉంటుంది. ఇదంతా చెబితే నాన్నగారు పట్టించుకున్నది మాత్రం ఎకరాల లెక్కనే: "మూడు వందల ఇరవై ఎకరాలుండి పస్తులేంట్రా?"

నన్ను ఎక్కువగా కలవరపెట్టిన చిత్రం వేరు. డొరోతియా లాంగ్ 1938లో టెక్సస్‌లోని చిల్డ్రెస్ కౌంటీలో తీసిన దానిలో మనిషి లేడు, దుమ్ము కూడా లేదు. ఖాళీ చేసిన ఒక ఇల్లు, దాని గోడల దాకా వచ్చేసిన ట్రాక్టరు చాళ్లు, అంతే. పశువుల పాకకు గాని, కళ్లానికి గాని, పిల్లలు ఆడుకునే జాగాకు గాని జానెడు చోటు మిగల్చకుండా దున్నేశారు. కౌలుదారులను పంపించి, వారందరి పొలాలనూ కలిపి యంత్రంతో సాగు చేసుకుంటే లాభమన్న భూస్వామి లెక్క ఆ చాళ్లలో కనిపిస్తుంది. కరువుకు వలస వెళ్లారని ఒక్క మాటలో తేల్చేసే కథలో ఈ రెండో కారణం మరుగున పడిపోతోంది. కౌలు కాగితం కూడా లేకుండా రెండెకరాలు చేస్తున్న మా ఇంట్లో ఆ చిత్రం తెరమీద ఉన్నంతసేపూ ఎవరూ ఏమీ అనలేదు.

ఇక లోపాల మాట. మొదటిది, రంగు. అక్కడివారు తుఫాను ఏ దిక్కునుంచి వచ్చిందో దుమ్ము రంగును బట్టే పోల్చుకునేవారట: నల్లనిది కాన్సస్ మట్టి, ఎర్రనిది ఓక్లహామా మట్టి. నలుపు తెలుపు ఫొటోలో అన్ని మట్టులూ బూడిద రంగే. రెండోది, ఇంటి లోపలి సంగతులు. "ఆ దుమ్ములో అన్నాలు ఎలా తిన్నార్రా?" అని మా అమ్మ అడిగిన ప్రశ్నకు మేము చూసిన ఫొటోల్లో జవాబు దొరకలేదు, చదివితే దొరికింది: కిటికీలకు తడి దుప్పట్లు కట్టేవారు, కంచాలు బోర్లించి పెట్టి, వడ్డించే క్షణంలోనే తిప్పేవారు, పిల్లలు, ముసలివారు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడి చనిపోయేవారు. 1935 ఏప్రిల్ 14 ఆదివారం మధ్యాహ్నమే చీకటి కమ్మి, చాచిన చేయి కనబడలేదన్నదీ అలా చదివి తెలుసుకున్నదే. మూడోది, భాష. వివరణలన్నీ ఇంగ్లీషులోనే, అదీ తారీఖు, జిల్లా, రెండు ముక్కలతో ముగుస్తాయి. బొమ్మలోని కుటుంబం తన మాటగా చెప్పింది అరుదు.

నమ్మకం సంగతి కూడా చెప్పాలి. ఇవి ప్రభుత్వ ప్రచారం కోసం తీసిన ఫొటోలన్నది మరచిపోకూడదు. 1936లో రోత్‌స్టీన్ దక్షిణ డకోటాలో ఒక పశువు పుర్రెను కొన్ని అడుగులు జరిపి, వేర్వేరు చోట్ల పెట్టి తీశాడని తెలిసినప్పుడు, కరువునే కల్పించారంటూ ప్రతిపక్ష పత్రికలు దుమారం లేపాయి. పుర్రెను జరపడం నిజం, నేల ఎండిపోవడమూ నిజం. నాకు నచ్చిందేమిటంటే, ఇటువంటివి పట్టుకునే దారిని ఈ సేవే మనకు ఇస్తుంది: ఒక చిత్రం తెరిచాక, వరుస సంఖ్యలో దాని ముందు, వెనక ఉన్న చిత్రాలను కూడా చూడవచ్చు. స్ట్రైకర్ తనకు పనికిరాదనుకుని చిల్లు పొడిచిన నెగటివ్‌లు కూడా దాచిపెట్టకుండా ఉంచారు. మనిషి ముఖం మీదో, ఆకాశంలోనో గుండ్రని నల్లమచ్చతో అవి కనిపిస్తాయి. అచ్చయిన ఒక్క ఫొటోకన్నా ఈ పక్కచూపే నాకు ఎక్కువ విలువైనదనిపించింది.

వీటిలో చాలా ఫొటోలకు వాడకంపై ఆంక్షలు లేవు కనుక చార్టు కోసం సిమారన్ కౌంటీ చిత్రాన్ని దగ్గరి పట్టణంలోని ఒక స్టూడియోలో పెద్దగా ప్రింటు వేయించాను. తీసుకోవడానికి వెళ్తే అక్కడి కుర్రవాడు, "బొమ్మంతా మసగ్గా ఉంటే క్లీన్ చేసేశానండి, చూడండెలా మెరుస్తోందో" అని ఎంతో అభిమానంగా చేతిలో పెట్టాడు. ఆకాశం తెల్లగా, గుంజలు నల్లగా, దుమ్ము అన్నదే లేకుండా, ఆ తండ్రీకొడుకులు ఏ కారణమూ లేకుండా పరుగెత్తుతున్నట్టున్నారు. మళ్లీ డబ్బు కట్టి రెండోది వేయించుకోవలసి వచ్చింది. ప్రింటు వేయించేవారు, దేన్నీ ముట్టుకోవద్దని ముందే చెప్పండి.

చార్టు రెండో సగానికి కావలసిందీ ఇక్కడే దొరికింది. 1935 ఏప్రిల్‌లో హ్యూ బెన్నెట్ అధిపతిగా నేల సంరక్షణకు ప్రత్యేక శాఖ ఏర్పడింది. వాలుకు అడ్డంగా దున్నడం, మెట్లు కట్టడం, గాలికి అడ్డుగా వరసలు వరసలుగా చెట్లు నాటడం వంటి పనులు అక్కడ ఎలా సాగాయో చూపే ఫొటోలు వెతికితే కనిపిస్తాయి. మా సముద్రపు ఒడ్డున సరుగుడు తోపు ఎందుకుందో తెలిసిన పిల్లకు ఆ చెట్ల వరసలను వేరే వివరించనక్కరలేకపోయింది.

వెతికేటప్పుడు ఒక సూచన: "కరువు", "దుమ్ము" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు ఇస్తే కుప్పలు కుప్పలుగా వచ్చిపడతాయి, ఏది ఏ ఊరిదో తేలదు. కౌంటీ పేరు, రాష్ట్రం పేరు ఇచ్చి, ఏడాదితో జల్లెడ పట్టాలి. వివరణ లేని నెగటివ్‌లు చాలా ఉన్నాయి. వాటిని చేరుకోవడానికి ముందు చెప్పిన పక్కచూపు మంచి దారి. నా లెక్కలో ఈ సేవకు ఐదుకు నాలుగు. తగ్గించిన ఆ ఒకటి మా అమ్మ ప్రశ్న పేరిట తగ్గించాను.

రెండో ప్రింటు ఇప్పుడు మా వసారాలో, పంచాంగం క్యాలెండరు పక్కన ఉంది. దాన్ని తగిలించిన రాత్రి నాన్నగారు కంప్యూటర్ ముందుకు కుర్చీ లాక్కుని, "దీని తరవాతి బొమ్మ తియ్యరా, ఆ బుడ్డాడు పాక చేరాడో లేదో చూద్దాం" అన్నారు. డేటా అయిపోయేదాకా పక్కవి ఒక్కొక్కటే తీస్తూ కూర్చున్నాము.