బయటి నుంచి వచ్చే మెయిల్‌కూ బిల్లు పడుతుంది: చందా కట్టబోయేవారికి హెచ్చరిక

న్యూజెర్సీ, 1994 జనవరి.

చదువు ముగించి ఉద్యోగంలో చేరగానే విశ్వవిద్యాలయంలోని ఉచిత మెయిల్ ఖాతా పోతుంది గనుక, ఇక్కడి మన తెలుగువారు చాలామంది ఇంటి ఫోను లైనుకు మోడెమ్ (కంప్యూటర్‌ను ఫోను లైనుకు కలిపే పరికరం) తగిలించి ఏదో ఒక వాణిజ్య మెయిల్ సేవకు చందా కడుతున్నారు. నేనూ సెప్టెంబరులో అలాగే కట్టాను. ఇంటర్నెట్‌లో ఉన్న ఎవరితోనైనా ఉత్తరాలు నడుపుకోవచ్చని ఫోనులో చెప్పిన మాట అబద్ధం కాదు. కానీ బయటి నుంచి, అంటే ఇంటర్నెట్ నుంచి, నాకు వచ్చే ఉత్తరాలకు కూడా అక్షరాల లెక్కన నేనే చెల్లించాలని వారు చెప్పలేదు, అడగాలని నాకు తోచలేదు.

డిసెంబరులో, టెక్సస్‌లో పరిశోధన చేస్తున్న మా బావగారు, అక్కకు పుట్టిన పాప ఫోటోను స్కాన్ చేసి పంపారు. ఇంటర్నెట్ మెయిల్ మామూలు ఇంగ్లీషు అక్షరాలనే నమ్మకంగా మోస్తుంది కాబట్టి (తెలుగును ఆ అక్షరాల్లోనే రాసుకునే మన ఉత్తరాలకు అందువల్ల ఇబ్బంది లేదు), ఫోటోను యూయెన్‌కోడ్ చేయక, అంటే ఆ ఫైలును మామూలు అక్షరాల వరుసలుగా మార్చక, తప్పదు. అందులో ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి, అంటే ఫైలు మూడో వంతు ఉబ్బుతుంది, దానితో బిల్లూ ఉబ్బుతుంది. అలా మార్చిన ఫైలు మొదట్లో ఉండే ‘బిగిన్ 644’ అన్న వరుస తరువాత, ఎమ్ అక్షరంతో మొదలయ్యే అర్థంకాని వరుసలు పావుగంట పాటు నా తెర మీద దిగాయి. ఆయన ఆరు ముక్కలు పంపితే ఐదే చేరాయి. నాలుగోది ఎక్కడ ఆగిపోయిందో పంపినవారికీ కబురు లేదు, నాకూ లేదు. మొదటి మూడూ కలిపి విప్పితే పాప నుదురు, కళ్ళు కనిపించాయి. కింద అంతా నలుపే. దీనికి లైను సమయంతో కలిపి 8 డాలర్లు పడింది. ఫోను చేసి అడిగితే, ధరల పుస్తకంలో ఉన్నదే వసూలు చేశామన్నారు. తీసి చూస్తే నిజమే, చివరి పేజీలో సన్నని అక్షరాల్లో ఉంది. చందా అమ్మేటప్పుడు నోటితో చెప్పవలసిన విషయాన్ని అక్కడ దాచడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ సేవలు ఇంటర్నెట్ మీద పుట్టినవి కావు. వాటిలో ఒకటైన ఎమ్‌సీఐ మెయిల్ 1983లో మొదలైనా, ఇంటర్నెట్‌తో దానికి దారి పడింది 1989లోనే. ఆ ఏడాదే మరో సేవ అయిన కంప్యూసర్వ్‌కు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం మీదుగా దారి ఏర్పడింది. అందుకే చిరునామాల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. కంప్యూసర్వ్‌లో చిరునామాగా వాడే సభ్యుల సంఖ్యలో కామా ఉంటుంది. ఇంటర్నెట్ మెయిల్‌లో కామా అంటే రెండు చిరునామాలను విడదీసే గుర్తు, కాబట్టి బయటి నుంచి రాసేవారు దాని స్థానంలో చుక్క పెట్టాలి. ఎమ్‌సీఐ మెయిల్‌కు మనిషి పేరుతోనూ రాయవచ్చు గానీ, అదే పేరు మరొకరికి ఉంటే ఉత్తరం చేరదు. రావులు, రెడ్లు ఇంతమంది ఉన్న మనం ఆ సేవ ఒక్కొక్కరికీ ఇచ్చే ఏడంకెల సంఖ్యనే వాడడం క్షేమం.

చందా కట్టే ముందు, బయటి ఉత్తరం అందుకోవడానికి రుసుము ఎంత, ఒక్కొక్క ఉత్తరానికి పరిమితి ఎన్ని అక్షరాలు, పరిమితి మించినది తిరిగి పంపినవారికి చేరుతుందా లేక మధ్యలోనే పోతుందా అన్నవి అడిగి, జవాబును కాగితం మీద తెప్పించుకోండి. ఇప్పటికే కట్టినవారు, ఫోటోలు పంపదలచిన బంధువులకు ఈ రోజే ఒక మాట చెప్పి ఉంచండి. మా బావగారు మిగిలిన ముక్కను మళ్ళీ పంపుతానంటే నేను వద్దని, ఫోటోనే కవరులో పెట్టి పోస్టు చేయమన్నాను.