ఫైబ్రోస్కాన్ కోసం తిరుపతి క్లినిక్‌కు వెళ్లాం: జబ్బేంటో అర్థమయ్యేలా చెప్పారు

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు పేరుకోవడం) అని తేలినవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఫైబ్రోస్కాన్ అంటే కాలేయంలో కొవ్వునూ, అది ఎంత గట్టిపడిందో కూడా కొలిచే స్కాన్. మేం వెళ్లింది తిరుపతిలో బైపాస్ రోడ్డు వైపున్న ఒక చిన్న లివర్ క్లినిక్. ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానో కింద చెప్తాను.

మా ఆయన చిత్తూరులో బెల్లం మండీలో లెక్కలు రాస్తారు. పొద్దున కూర్చుంటే చీకటిపడ్డాకే లేవడం. మందు ముట్టరు. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అని వచ్చేసరికి బంధువుల్లో ఒకరిద్దరు "రహస్యంగా తాగుతాడేమో" అన్నారట. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. అంతకుముందు చూపించుకున్న చోటేమో రెండు నిమిషాల్లో "నూనె తగ్గించండి, ఇమ్యూనిటీ పెంచుకోండి" అని ఒక టానిక్ రాసి పంపేశారు.

ఇక్కడి డాక్టరమ్మ ముందు ఆ టానిక్ సీసానే అడిగి చూశారు. "ఇమ్యూనిటీ తక్కువై వచ్చిన జబ్బు కాదమ్మా ఇది. లివర్‌లో ఉండే రోగనిరోధక కణాలు రెచ్చిపోతేనే అసలు కష్టం" అన్నారు. చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. కొండకు పోయే ప్రతి బండినీ అలిపిరిలో ఆపి చూసినట్టు, పేగుల నుంచి వచ్చే రక్తమంతా ముందు కాలేయంలో తనిఖీ అయ్యాకే ఒంట్లోకి పోతుందట. ఆ పని చేసేవి కుప్ఫర్ కణాలు. కుప్ఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద వచ్చిందే ఆ పేరు. రక్తంతో వచ్చే బ్యాక్టీరియాను, చెత్తను అవి మింగేస్తాయి. రోజూ ఇంత పని జరుగుతున్నా మనకు తెలియను కూడా తెలియదు.

కాలేయ కణాల్లో కొవ్వు మితిమీరితే అవి దెబ్బతిని ఆపద సంకేతాలు వదులుతాయి. దానికి తోడు పేగుల గోడ బలహీనపడితే బ్యాక్టీరియా ముక్కలు ఎక్కువగా వచ్చిపడతాయి. అప్పుడు కుప్ఫర్ కణాలు వాపు పుట్టించే రసాయనాలు విడుదల చేసి, రక్తంలోని మోనోసైట్లనే తెల్లకణాలను కూడా పిలుస్తాయి. న్యూట్రోఫిల్స్, టీ కణాలు అనే ఇతర తెల్లకణాలూ వచ్చి చేరతాయి. ఈ గొడవ ఏళ్ల తరబడి ఆగకపోతే, మామూలుగా విటమిన్ ఎ దాచుకుని ఊరికే ఉండే స్టెల్లేట్ కణాలు మేల్కొని కొల్లాజెన్ అనే నారలాంటి ప్రోటీన్ తయారుచేస్తాయి. అదే మచ్చ, ముదిరితే సిరోసిస్, అంటే కాలేయమంతా మచ్చలతో గట్టిపడిపోవడం. కొవ్వున్న అందరికీ అంతదూరం పోదనీ, మచ్చ ఎంత ఉందో చూడ్డానికే ఈ స్కాన్ అనీ ఆవిడ చెప్పేదాకా మాకు ఎవరూ చెప్పలేదు.

స్కాన్‌లో నొప్పేం లేదు. వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచెయ్యి తల కింద పెట్టుకోమన్నారు. పక్కటెముకల మధ్య జెల్ రాసి ప్రోబ్ ఆనించారు. ప్రతిసారీ చిన్నగా వేలితో కొట్టినట్టు తగులుతుంది. పది సరైన రీడింగులు తీసి వాటి మధ్య విలువ రాస్తారు. మా ఆయనకు గట్టిదనం 6.1 కిలోపాస్కల్స్ (గట్టిదనాన్ని కొలిచే లెక్క) వచ్చింది. 8 లోపు ఉంటే మచ్చ ముదిరి ఉండే అవకాశం చాలా తక్కువని చెప్పాక ఆయన ముఖంలో టెన్షన్ పోయింది. కొవ్వు మాత్రం ఎక్కువే చూపించింది.

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. "ఈ మిషన్ కొవ్వునూ గట్టిదనాన్నీ కొలుస్తుంది గానీ, ఇందాక బొమ్మ గీసిన కణాలను చూపించదు. వాపు ఎంతుందో కచ్చితంగా తెలియాలంటే సూదితో కాలేయం ముక్క తీసి చూసే బయాప్సీనే, అది మీకు ఇప్పుడు అవసరం లేదు" అని నిజాయితీగా చెప్పారు. మందులు అంటగట్టలేదు. 78 కిలోల మనిషి కాబట్టి నిదానంగా ఐదున్నర నుంచి ఎనిమిది కిలోలు తగ్గితే కొవ్వు, వాపు రెండూ దిగుతాయన్నారు. టీలో చక్కెర, మండీలో నోట్లో వేసుకునే బెల్లం ముక్క మానెయ్యాలి. రాత్రి సంగటి తినొచ్చు, ముద్ద చిన్నదవ్వాలి. తిప్పతీగ కషాయం తాగొచ్చా అని నేనే అడిగాను. వద్దన్నారు. కరోనా కాలంలో అది వాడిన కొందరికి రోగనిరోధక వ్యవస్థే కాలేయం మీద దాడి చేసినట్టు దెబ్బతిన్నదని ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారట. ఇంట్లో ఉన్న పొడి పారేశాను.

ఇక తగ్గించిన స్టారు సంగతి. స్కాన్‌కు కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు, తింటే గట్టిదనం ఎక్కువ చూపిస్తుంది. అలాంటప్పుడు ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లను ముందు పిలవాలి కదా! అందరికీ ఒకటే టోకెన్ వరస. మా పక్కన షుగర్ ఉన్న ఒక పెద్దాయన కళ్లు తిరుగుతున్నాయని గోడకు ఆనుకుని కూర్చున్నాడు, నేనే లేచి కౌంటర్‌లో గట్టిగా అడిగితే ఆయన్ని లోపలికి పంపారు. దీన్ని వాళ్లు వెంటనే సరిచెయ్యాలి. రిపోర్టు కూడా మొత్తం ఇంగ్లిషే, తెలుగులో నాలుగు లైన్లు ఉంటే ఎంత బాగుండేది.

వెళ్లేవాళ్లు పాత రక్తపరీక్షలు, ముఖ్యంగా ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్లు ఉన్నవి తీసుకెళ్లండి. వయసుతో కలిపి వాటితోనే కాలేయంలో మచ్చ ముప్పు ఎంతో అంచనా వేసే ఫిబ్-4 అనే స్కోరు లెక్కేస్తారు. అది 1.3 కంటే తక్కువుంటే చాలామందికి స్కాన్ అవసరమే ఉండదని, డబ్బులు మిగులుతాయని ఆవిడే చెప్పారు.