మెట్ల మీద బాలయేసు, గుమ్మం ముందు చెట్టు

క్రిస్మస్‌ను ప్రభుత్వం బహిరంగంగా గుర్తించవచ్చా అన్న తగువు అమెరికాలో 1989లో సుప్రీంకోర్టులో తేలింది. ఊరు పిట్స్‌బర్గ్. గొడవ రెండు అలంకరణల మీద.

మొదటిది కౌంటీ కోర్టు భవనంలో, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడే పెద్ద మెట్ల మీద. ఒక కేథలిక్ సంఘం ఇచ్చిన, యేసు పుట్టిన పశువుల పాకను చూపే బొమ్మలు, పైన దేవుణ్ణి మహిమపరిచే లాటిన్ బ్యానర్ పట్టుకున్న దేవదూత. ఇది ఒక మతాన్ని భుజానికెత్తుకోవడమేనని 5-4తో కొట్టేశారు.

రెండోది నగర కార్యాలయం బయట. 45 అడుగుల క్రిస్మస్ చెట్టు, పక్కనే యూదుల 18 అడుగుల మెనోరా దీపస్తంభం, స్వేచ్ఛకు వందనమంటూ ఒక బోర్డు. మెనోరా ఉండొచ్చని 6-3తో తేల్చారు.

నా ఓటు రెండోదానికే. పండగను దాచలేదు, పక్కవాళ్లనూ కలుపుకుంది. కానీ చోటు దొరకని మిగతా మతాలవాళ్ల సంగతేంటి? పైగా 1984లో ఇదే కోర్టు పాటకెట్ ఊరి పశువుల పాకను ఒప్పుకుంది, చుట్టూ శాంటా, రెయిన్‌డీర్ బొమ్మలు ఉన్నాయి గనక! భక్తిగల క్రైస్తవుడికి అది గెలుపో, చిన్నచూపో మరి.