మా రామాలయం కలంకారీ మేలుకట్టు: ఏడాది వాడాక

పోయిన శ్రీరామనవమికి స్వామివారి పైన కట్టడానికి శ్రీకాళహస్తిలో ఒక కళాకారుడి చేత కలంకారీ మేలుకట్టు వేయించాం. అంతకుముందు కట్టింది జరీ అంచు శాటిన్ ప్రింటు. రెండేళ్లకే ఎరుపు వెలిసిపోయింది. దానికి నాలుగింతలు పెట్టాం దీనికి. చందా ఇచ్చినవాళ్లు ఒక్కరూ ఎక్కువనలేదు.

బట్ట ఆరడుగుల చదరం. నడుమ పద్మం, చుట్టూ నాలుగు వరుసల్లో రామకథ. బొమ్మల తలలన్నీ పద్మం వైపుకే ఉన్నాయి కాబట్టి ఏ పక్క నిలబడి తలెత్తినా ఒక వరుస మనకు నిలువుగానే కనిపిస్తుంది. పట్టాభిషేకంలో గొడుగు పట్టింది శత్రుఘ్నుడని మా అమ్మ పిల్లలకు దీన్ని చూపించే చెబుతోంది.

కట్టకముందు నేలమీద పరిచి దగ్గరగా చూశాను. ఆంజనేయస్వామి తోక గీత మొదట లావుగా ఉండి, పోనుపోను సన్నబడి, కలం మళ్లీ ముంచిన చోట చిక్కటి నలుపుతో అందుకుంటుంది. మచిలీపట్నం పద్ధతిలో చెక్క అచ్చులు వాడతారు, వాటి అందం వేరు. కాళహస్తి పనికి ఈ ముంచిన చోటే ప్రాణం. ఆ నలుపు బెల్లం నీళ్లలో తుప్పుపట్టిన ఇనుము వేసి పులియబెట్టిన కసిమి. బట్టను ముందే కరక్కాయ, గేదెపాలలో నానబెడతారు కాబట్టి రంగు పక్కకు పాకదు. విప్పగానే పాలవాసన గట్టిగానే వచ్చింది. వారం నీడలో ఆరేస్తే పోయింది.

లోపం ఒకటుంది. తాళ్లు నాలుగు మూలలకే కుట్టి పంపారు. మందపాటి అస్తరు బరువుకు నడుమ జారి స్వామి కిరీటానికి తగిలింది. కల్యాణం ముందురోజు రాత్రి పూజారిగారూ నేనూ కూర్చుని అస్తరుకు మూడు పట్టీలు కుట్టి వెదురుబద్దలు దూర్చాం. చేతులు వణుకుతూ కుట్టాను, సూది ఎక్కడ బొమ్మలోకి దిగుతుందోనని. మీరు ఆర్డరిచ్చేటప్పుడే పట్టీలు అడగండి.

ఏడాదిలో రంగు తగ్గలేదు. కర్పూరం మసిని మెత్తటి పొడి బ్రష్‌తో దులుపుతున్నాం. దించాక మడతపెట్టకుండా గొట్టానికి చుడుతున్నాం.

మాకు చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది. నవమికి కావాలంటే కార్తీకంలోనే చెప్పుకోండి.