టీవీ బ్యాక్‌లైట్ స్ట్రిప్‌ల సెట్: ఏ పాత టీవీకి పనికొస్తుంది, దేనికి దండగ

మాటలు వినిపిస్తాయి, రిమోట్ పనిచేస్తుంది, చానెళ్లు మారుతాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. కొన్నేళ్లు వాడిన ఎల్ఈడీ టీవీల్లో తరచుగా వచ్చే జబ్బుల్లో ఇది ముందుంటుంది. దీనికోసం విడిభాగాల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికేదే బ్యాక్‌లైట్ స్ట్రిప్‌ల సెట్, అంటే తెర వెనక నుంచి వెలుగిచ్చే ఎల్ఈడీ పట్టీలు. సరైన సెట్ తెచ్చి, ఓపిగ్గా బిగిస్తే పాత టీవీ మళ్లీ కొన్నేళ్లు హాయిగా నడుస్తుంది. అయితే ఇది ఒకే ఒక్క జబ్బుకు మందు. ఆ జబ్బు లేని టీవీకి కొంటే డబ్బు వృథా. పైగా విప్పేటప్పుడు ప్యానెల్ (బొమ్మ చూపే గాజు తెర) పగిలిందంటే ఉన్నది కూడా పోతుంది. కాబట్టి ముందు టీవీని పరీక్షించాలి, ఆ తర్వాతే సెట్ కొనాలి.

గదిలో లైట్లు ఆపి, టీవీ వేసి, టార్చ్‌ని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టుకుని రిమోట్ మీద మెనూ నొక్కండి. అక్షరాలు నీడల్లా కనిపిస్తే ప్యానెల్, టీకాన్ (ప్యానెల్‌కు బొమ్మ సంకేతాలు అందించే బోర్డు), మెయిన్ బోర్డు బాగున్నట్టే. పోయింది వెలుగు ఒక్కటే. ఆన్ చేయగానే తెర క్షణంపాటు తళుక్కుమని ఆరిపోవడం కూడా ఇలాంటి గుర్తే. ఎల్ఈడీ టీవీలో ఉండేది ఎల్‌సీడీ ప్యానెలే, దానికి సొంత వెలుగు ఉండదు. దాని వెనక పట్టీల మీద వరుసగా తెల్ల ఎల్ఈడీలు ఉంటాయి, ఒక్కో వరుసలోవన్నీ సిరీస్‌లో కలిపి ఉంటాయి. సీరియల్ లైట్ల దండలో ఒక బల్బు పోతే మిగతావీ ఆరిపోయినట్టు, ఇక్కడా ఒక్క ఎల్ఈడీ తెగితే వరుస మొత్తం ఆరుతుంది. ఎల్ఈడీలకు కరెంట్ ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ అది గమనించి వోల్టేజ్ ఆపేస్తుంది.

టార్చ్ పరీక్ష నెగ్గిందని వెంటనే ఆర్డర్ పెట్టకండి. తప్పు స్ట్రిప్‌లలో ఉందా, పవర్ బోర్డులోని డ్రైవర్‌లో ఉందా అన్నది ఇంకా తేలలేదు. ఇక్కడ మెకానిక్‌లు వాడే ఎల్ఈడీ టెస్టర్ చాలా మేలు చేస్తుంది. బ్యాక్ కవర్ ఒక్కటి తీసి, పవర్ బోర్డు నుంచి ప్యానెల్ లోపలికి వెళ్లే రెండు వైర్ల కనెక్టర్ ఊడదీసి, టెస్టర్ పిన్నులు ఆ వైర్లకు పెడితే చాలు. ప్యానెల్ విప్పే పనే లేదు. ఏమీ వెలగకపోతే స్ట్రిప్ పోయింది. అన్నీ వెలిగితే టెస్టర్ చూపించే వోల్టేజ్ చదవండి. 3 వోల్టుల ఎల్ఈడీలు 16 ఉంటే సుమారు 48 రావాలి. అంతకన్నా మూడేసి వోల్టుల చొప్పున తగ్గితే కొన్ని ఎల్ఈడీలు షార్ట్ అయినట్టు లెక్క. వోల్టేజ్ కూడా సరిపోతే అనుమానం పవర్ బోర్డు మీదికి మళ్లించాలి. ఒక్క జాగ్రత్త: టెస్టర్ ఇచ్చే కరెంట్ చాలా తక్కువ. దాని మీద వెలిగిన ఎల్ఈడీ, టీవీ నడిచి వేడెక్కాక ఆరిపోవచ్చు. పది పదిహేను నిమిషాలు ఆడి ఆరిపోయే టీవీల్లో జరిగేది తరచుగా ఇదే.

బ్యాక్ కవర్ తీసేముందు ప్లగ్ పీకి కొంతసేపు ఆగండి. 230 వోల్టుల మెయిన్స్ మీద పవర్ బోర్డులోని పెద్ద కెపాసిటర్ 300 వోల్టులు దాటి చార్జ్ అవుతుంది. పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) ఉన్న బోర్డుల్లో అది 380 నుంచి 400 దాకా ఉంటుంది. మీటర్ పెట్టి చూడకుండా అక్కడ వేలు పెట్టొద్దు.

ఇక సెట్ విషయానికొద్దాం. ఇందులో రెండు రకాలున్నాయి. అల్యూమినియం పట్టీ మీద వచ్చేవి, మామూలు ఫైబర్ బోర్డు మీద వచ్చేవి. చేత్తో పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది: అల్యూమినియం పట్టీ అంచు గీకితే లోహం మెరుస్తుంది, వంచితే గట్టిగా ఉంటుంది. ఎల్ఈడీ ప్రాణం తీసేది వేడి, ఆ వేడిని లాగి వెనక రేకులోకి పంపేది ఈ లోహం. కొన్ని టీవీల్లో కంపెనీ పట్టీలే ఫైబర్‌వి, అవి ఆ డిజైన్‌కు తగ్గ కరెంట్‌తో నడుస్తాయి. బదులు కొనేటప్పుడు మాత్రం దొరికితే అల్యూమినియమే తీసుకోవాలని మా గట్టి అభిప్రాయం. సెట్‌తో పాటు వచ్చే రెండువైపులా అంటుకునే టేప్ థర్మల్ టేప్ అయి ఉండాలి. చౌక సెట్లలో మందపాటి ఫోమ్ టేప్ ఇస్తారు. అది వేడిని ఆపేస్తుంది, కొత్త స్ట్రిప్‌లు కూడా త్వరగానే పోతాయి. దాన్ని పారేసి థర్మల్ టేప్ విడిగా తెచ్చుకోండి.

రెండో బలహీనత లెన్స్. ప్రతి ఎల్ఈడీ మీద చిన్న ప్లాస్టిక్ లెన్స్ ఉంటుంది, వెలుగును పక్కలకు పరిచేది అదే. పాత టీవీ తెర మీద గుండ్రని తెల్ల మచ్చలు కనిపిస్తున్నాయంటే ఆ లెన్సులు జిగురు ఎండి రాలిపోయాయని అర్థం. తక్కువ రకం సెట్లలో కొత్త లెన్సులే సరిగా అతకవు. బిగించేముందు ఒక్కో లెన్స్‌ని వేలితో మెల్లగా కదిపి చూడండి. ఊగుతుంటే ఎపాక్సీతో అతికించండి. సూపర్ గ్లూ వాడకండి, దాని ఆవిరి లెన్స్ మీద తెల్లటి పొర కట్టి వెలుగును మసకబారుస్తుంది.

సెట్ ఎంచుకోవడంలో జరిగే పెద్ద పొరపాటు టీవీ మోడల్ నంబర్ ఒక్కటే చూసి ఆర్డర్ పెట్టడం. ఒకే మోడల్‌లో వేర్వేరు కంపెనీల ప్యానెళ్లు వస్తాయి, వాటితో పాటు స్ట్రిప్‌లూ మారతాయి. నమ్మాల్సింది పాత స్ట్రిప్ మీద అచ్చు వేసిన పార్ట్ నంబర్‌నే. దానితోపాటు పట్టీ పొడవు మిల్లీమీటర్లలో, ఎల్ఈడీల సంఖ్య, వాటి మధ్య దూరం, కనెక్టర్ పిన్నులు, అది ఏ చివర ఉంది, లెన్స్ ఆకారం అన్నీ కలవాలి. కుడి పట్టీ, ఎడమ పట్టీ వేరువేరుగా ఉండే మోడళ్లున్నాయి. అలాంటి వాటికి జతగానే తీసుకోవాలి.

వోల్టేజ్ దగ్గర రాజీ పడొద్దు. ఎల్ఈడీలు 3 వోల్టులవి, 6 వోల్టులవి ఉంటాయి, పైకి చూస్తే ఒకేలా కనిపిస్తాయి. 6 వోల్టుల ఎల్ఈడీలు 12 ఉన్న టీవీలో డ్రైవర్ సుమారు 72 వోల్టులు ఇస్తుంది. అక్కడ అదే పొడవున్న 3 వోల్టుల సెట్ పెడితే కావాల్సింది 36 మాత్రమే. స్ట్రిప్‌లకు కావాల్సిన మొత్తం వోల్టేజ్ డ్రైవర్‌కు వచ్చే సప్లై కన్నా తక్కువైతే పరిస్థితి చేజారుతుంది. బూస్ట్ సర్క్యూట్ వోల్టేజ్‌ని పెంచగలదే గాని తన ఇన్‌పుట్ కన్నా దించలేదు. అప్పుడు కరెంట్ అదుపు తప్పి కొత్త ఎల్ఈడీలు చూస్తుండగానే కాలిపోతాయి.

పోయిన ఒక్క ఎల్ఈడీనే మార్చవచ్చు కదా అంటారు. సోల్డర్ చేయడం వస్తే సాధ్యమే. కానీ మిగతావి కూడా అన్ని గంటలూ అదే వేడిలో మగ్గినవే. ఒకటి మార్చిన కొద్ది నెలలకే ఇంకోటి పోతే మళ్లీ ప్యానెల్ విప్పాలి, మళ్లీ అదే ప్రమాదం. పాతదీ కొత్తదీ కలిస్తే వెలుగు రంగు కూడా తేడాగా ఉంటుంది. అన్నీ ఒకేసారి మార్చడమే లాభం. పోయిన ఎల్ఈడీని వైరుతో షార్ట్ చేసి వదిలేసే పద్ధతి మాత్రం సమర్థించలేం. ఆ చోట నీడ పడుతుంది, టీవీ మళ్లీ రిపేరుకు రావడం ఖాయం.

బిగించే పనిలో అసలు గండం స్ట్రిప్‌ల దగ్గర లేదు, గాజును లేపే దగ్గరుంది. ప్యానెల్ ఒక అంచున, ఎక్కువగా కింది అంచున, కొన్నిటిలో పై అంచున, సినిమా రీలు ముక్కల్లాంటి సన్నని సీఓఎఫ్ రిబ్బన్లు అతికి ఉంటాయి. అవి గాజుకూ పొడవాటి సన్న బోర్డులకూ మధ్య వంతెన. వాటిలో ఒకటి మడతపడి తెగితే తెర మీద నిలువు పట్టీ శాశ్వతంగా ఉండిపోతుంది. అందుకే ముందు ఆ సన్న బోర్డుల స్క్రూలు, క్లిప్పులు విప్పి, బోర్డులు గాజుతో పాటే కదిలేలా వదులు చేయాలి. తర్వాతే ఇద్దరు చెరో వైపు పట్టి గాజును ఒక్కసారిగా సమంగా లేపాలి. 32 అంగుళాలను జాగ్రత్తపరులు ఒక్కరే చేయగలరు. 43 దాటితే ఇద్దరు తప్పనిసరి. 55, ఆపైన అయితే వ్యాక్యూమ్ కప్పులు లేకుండా మొదలుపెట్టకపోవడమే మంచిది. ఈ సైజులో సొంతంగా చేయమని ఎవరికీ సలహా ఇవ్వం.

గాజు కింద డిఫ్యూజర్ షీట్లు, వాటి కింద మందపాటి తెల్ల పలక ఉంటాయి. షీట్లను ఒక్కొక్కటిగా తీయకండి, కట్టగా ఎత్తండి. వరుస మారినా, ఒకటి తిరగబడినా తెర మసకగానో చారలుగానో కనిపిస్తుంది. మూలలో మార్కర్‌తో చిన్న గుర్తు పెడితే దిక్కు తప్పదు. అంచులు తప్ప లోపల వేలు తగలనివ్వకండి, వేలిముద్ర తెర మీద మరకై కనబడుతుంది. దుమ్ము పడితే గుడ్డతో తుడవకుండా గాలితో ఊదండి. అడుగున ఉండే తెల్ల రిఫ్లెక్టర్ కాగితాన్ని చింపకుండా దాని ప్లాస్టిక్ బటన్లను వెనక వైపు నుంచి నొక్కి తీయాలి. పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పట్టీ రేకుకు నిండుగా ఆనేలా అతికించాలి. గాజు తిరిగి పెట్టేముందే స్ట్రిప్‌లను టెస్టర్ మీద వెలిగించి చూసుకోండి.

స్ట్రిప్‌లు మార్చడం సగం పనే. పాతవి ఎందుకు పోయాయి? చాలా టీవీల్లో షోరూమ్ వెలుగు కోసం ఎల్ఈడీలను వాటి హద్దు దాకా తోలతారు, అదే కరెంట్ కొత్త స్ట్రిప్‌లనూ తినేస్తుంది. కాబట్టి పిక్చర్ సెట్టింగుల్లో బ్యాక్‌లైట్‌ను 60 శాతం దగ్గరికి దించండి. దించాల్సింది బ్యాక్‌లైట్, బ్రైట్‌నెస్ కాదు. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ నలుపు స్థాయిని మారుస్తుందే గాని ఎల్ఈడీల కరెంట్‌ను తాకదు. అనుభవమున్న మెకానిక్ అయితే డ్రైవర్ దగ్గరే కరెంట్ తగ్గిస్తారు. కరెంట్‌ను కొలిచే సెన్స్ రెసిస్టర్లు మూడు ఒకే విలువవి పారలల్‌లో ఉంటే ఒకటి తీసేస్తే కరెంట్ మూడింట రెండు వంతులకు పడుతుంది. రాత్రిపూట చూసేవాళ్లకు ఆ తేడా పెద్దగా తెలియదు, స్ట్రిప్‌ల ఆయుష్షు మాత్రం బాగా పెరుగుతుంది.

ఈ సెట్ అసలు పనికిరాని టీవీలు ఏవంటే: తెర పగిలినవి, నిలువు గీతలు పడినవి, సగం తెర నల్లబడినవి. అవి ఎక్కువగా ప్యానెల్ జబ్బులు. టీవీ ఖరీదులో సింహభాగం ప్యానెల్‌దే కాబట్టి అక్కడ రిపేరు మాట వదిలేయడం నయం. టీకాన్ కేబుల్ ఊడదీసి శుభ్రం చేసి మళ్లీ పెట్టడం వరకు ప్రయత్నించవచ్చు, అంతే. రెడ్ లైట్ మిణుకుమిణుకుమంటూ ఆన్ కాని టీవీలో పవర్ బోర్డు మీద పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు వెతకండి. అదే మైక్రోఫారడ్, అంతే లేదా ఎక్కువ వోల్టేజ్, 105 డిగ్రీల రకం, తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్నది పెడితే చాలా టీవీలు లేచి కూర్చుంటాయి. ఇది అన్నిటికన్నా చవకైన రిపేరు. లోగో దగ్గరే ఆగిపోయేవి మెయిన్ బోర్డు కేసులు. ముందు పెన్‌డ్రైవ్‌తో సాఫ్ట్‌వేర్ ఎక్కించి చూడాలి. అక్కడ యూనివర్సల్ బోర్డు (రకరకాల ప్యానెళ్లకు పెట్టే మెయిన్ బోర్డు) పెడతామని ఎవరైనా అంటే, ప్యానెల్‌కు ఎన్ని వోల్టులు వెళ్లాలో నిర్ణయించే జంపర్ సంగతి అడగండి. 5 వోల్టుల ప్యానెల్‌కు 12 ఇచ్చారంటే పని అయిపోయినట్టే.

తెర బాగుండి యాప్‌లు మాత్రమే ఆగిన టీవీకి రిపేరే అక్కర్లేదు. 2019 డిసెంబర్‌లో శాంసంగ్ 2010, 2011 స్మార్ట్ టీవీల్లో కొన్నిటికి నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. ఆ టీవీల ప్యానెళ్లకు ఏమీ కాలేదు. హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకుంటే సరిపోతుంది.

ప్లాస్మా టీవీలకు ఈ స్ట్రిప్‌లతో సంబంధమే లేదు. పానసోనిక్ 2013 చివర్లో, శాంసంగ్ 2014లో వాటి తయారీ ఆపేశాయి, కొత్త ప్యానెల్ మీద ఆశ పెట్టుకోకూడదు. ఎల్ఈడీలకు ముందు వచ్చిన ఎల్‌సీడీల్లో వెలుగిచ్చేవి సన్నని ట్యూబులు, వాటిలో పాదరసం ఉంటుంది. పిక్చర్ ట్యూబ్ గాజులో సీసం ఉంటుంది, ప్లగ్ తీసినా ట్యూబ్‌లో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు. ఈ రెంటినీ పగలగొట్టకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు అప్పగించాలి.

మొత్తం మీద, తప్పు స్ట్రిప్‌లదే అని పరీక్షలో తేలి, ప్యానెల్ శుభ్రంగా ఉన్న 32 నుంచి 43 అంగుళాల టీవీకి అల్యూమినియం సెట్ కళ్లు మూసుకుని కొనదగినది. స్ట్రిప్‌లు, మజూరీ కలిపి అదే సైజు కొత్త టీవీ ధరలో సగం దాటితే మానుకోండి. పని మెకానిక్‌కు అప్పగిస్తే మూడు సంగతులు ముందే మాట్లాడుకోండి. స్ట్రిప్‌లన్నీ మారుస్తారా, పాతవి తిరిగి ఇస్తారా, విప్పేటప్పుడు గాజు పగిలితే ఎవరిది బాధ్యత. తెచ్చుకునే ముందు దుకాణంలోనే రెండు గంటలు ఆడించి, తెర మొత్తం తెల్లగా ఉండే బొమ్మ పెట్టించి మూలలు చూడండి. నీడలు, మచ్చలు, రంగు తేడా ఉంటే అందులో ఇట్టే బయటపడతాయి.